చెట్ల నీడను వామాకు

పెరటి చెట్ల క్రింద ఏమియు పెరుగదని పలువురు ఆ నేలను వట్టిగా వదలుదురు. వానలకు అచ్చటి పైమన్ను కొట్టుకొనిపోవును. అట్టి చోట సువాసనగల వామాకు పెంచవచ్చును.

ఇది వంటింటి వాము మొక్క కాదు. వాము గింజలు చల్లిన మొలచునది వేరు మొక్క. వామాకుకు కొమ్మలే నాటవలెను.

4 అంగుళముల కొమ్మలు త్రుంచి, అడుగు ఆకులు తీసి, తొలకరిలో అడుగు దూరమున నాటుడు. కణుపులు నేలకు తగిలినచోట వేరూని అల్లుకొనును. కొసలు త్రుంచుచుండిన గుబురై ఏండ్లతరబడి నిలుచును.

నీడ మరీ దట్టమైన కాడలు సాగిపోవును. ఉదయపుటెండ కొంత తగలవలెను. నీరు నిలిచిన కాండము కుళ్లును. కావున జలదారి ప్రక్కన నాటరాదు.

పొరుగింటినుండి నాలుగు కొమ్మలు తెచ్చుకొనిన చాలును. మన్ను నిలుచును, బజ్జీలకు ఆకు దొరకును.