ముక్కు ఆడుతున్నా వాసన రాలేదెందుకు?

పడిశం పట్టినప్పుడు వాసన తెలియకపోవడం మనకు కొత్త కాదు. ముక్కు దిబ్బడేస్తే గాలి పైదాకా పోదు, దిబ్బడ వదలగానే చారు ఘుమఘుమ మళ్లీ తెలుస్తుంది. 2020లో కొవిడ్ తెచ్చిన చిక్కు వేరు. చాలామందికి ముక్కు శుభ్రంగా ఆడుతూనే ఉంది, పక్కనే ఇంగువ పోపు వేస్తున్నా తెలియలేదు. ఆ ఏడాది మార్చిలో బ్రిటన్ ఈఎన్‌టీ వైద్యులు దీని గురించి హెచ్చరించారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని కొవిడ్ లక్షణాల్లో చేర్చేసరికి జూన్ వచ్చింది.

ముక్కు లోపల పైకప్పున, దాదాపు కళ్ల ఎత్తులో, చిన్న పొర ఒకటుంది. వాసన పట్టే నాడీకణాలు అందులోనే లక్షల్లో ఉంటాయి. మనిషికి సుమారు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి, ఒక్కో కణం వాటిలో ఒక్క రకాన్నే ధరిస్తుంది. వైరస్ ఈ కణాలనే చంపేస్తోందని, అక్కణ్నుంచి మెదడుకు ఎక్కుతుందని మొదట భయపడ్డారు. కానీ లెక్క కుదరలేదు. చచ్చిన నాడీకణం స్థానంలో కొత్తది ఎదగడానికి వారాలు పడుతుంది. చాలామందికి వాసన అంతకన్నా ముందే తిరిగొచ్చేసింది!

హార్వర్డ్‌లో సందీప్ రాబర్ట్ దత్తా బృందం 2020 జులైలో ఈ ముడి విప్పింది. వైరస్ కణంలోకి దూరాలంటే ఏసీఈ2 అనే ప్రొటీన్ దొరకాలి. నాడీకణాల్లో అది లేదు. వాటిని ఆనుకుని, చుట్టూ తడినీ లవణాలనూ సరిచూసే ఆసరా కణాల్లో ఉంది. ఒత్తి బాగానే ఉన్నా ప్రమిద పగిలితే దీపం ఆరుతుంది కదా, ఇదీ అంతే. ఆసరా కణాలు త్వరగా పుట్టుకొస్తాయి కాబట్టి ఎక్కువమంది గట్టెక్కారు.

మరి నెలల తరబడి బాధపడినవాళ్ల మాటేమిటి? 2022లో రెండు జవాబులొచ్చాయి. వైరస్ లోపలికి రాకపోయినా, చుట్టూ రేగిన వాపు ప్రభావంతో నాడీకణాలు తమ గ్రాహక జన్యువులను మూసేసుకుంటున్నాయని న్యూయార్క్ పరిశోధకులు చూపారు. వైరస్ పోయాక కూడా రోగనిరోధక టి కణాలు ఆ పొరలో తిష్ఠవేసి ఉండటాన్ని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు పట్టుకున్నారు. అంటే వైరస్ కన్నా దానిమీదికి మన ఒళ్లు చేసిన దండయాత్రే ఎక్కువ చేటు చేసిందన్నమాట.

'రుచి కూడా పోయింది' అన్నవాళ్లలో చాలామందికి నిజానికి పోయింది వాసనే. గోంగూర పచ్చడి తింటే పులుపు, ఉప్పు నాలుకకు తెలుస్తాయి. కారమైతే రుచి కూడా కాదు, మంట. అది వేరే నాడి పని. ఆ పచ్చడిని గోంగూరగా గుర్తుపట్టించేది మాత్రం నోట్లోంచి వెనకదారిన ముక్కుకెక్కే వాసన. కొందరికి వాసన వంకరగా తిరిగొచ్చింది. కాఫీ, వేయించిన ఉల్లిపాయ కుళ్లు కంపు కొట్టాయి. ఏమీ తెలియకపోవడం కన్నా ఇదే నరకమని నాకనిపిస్తుంది.

పోయిన వాసనను తిరిగి రప్పించే గట్టి మందు లేదు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ 2009లో పరీక్షించిన సాధన ఒకటుంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలాల వాసనలను ఉదయం, సాయంత్రం శ్రద్ధగా, కనీసం 12 వారాలు పీల్చాలి. అందరికీ ఫలించదు కానీ ఖర్చు తక్కువ, హానీ లేదు.

ఈలోగా వంటింటి సంగతి చూసుకోవాలి. వంటగ్యాస్‌కు సొంతంగా వాసన లేదు, లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ కలుపుతారు. ముక్కు పనిచేయనివారికి ఆ ఏర్పాటు ఉన్నా లేనట్టే. గ్యాస్ లీకును పసిగట్టే అలారం పెట్టుకోవడం మేలు. అదీ గోడమీద పైన కాదు, నేలకు దగ్గరగా. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది.