ఉలికిపడే చిత్తానికి ఊరట

2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ పరిశ్రమలో సంభవించిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొన్నది. వారిలో పలువురు బీహారు, ఒడిశాల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. అటువంటి శబ్దం విన్న మనస్సు అంత త్వరగా కుదుటపడదు.

ఏడీహెచ్‌డీ అని వైద్యులు చెప్పే స్థితిలో బాల్యం నుండే చిత్తం ఒకచోట నిలువదు. దానికి ఆందోళన కూడా తోడైన బిడ్డకు ఇట్టి ఆఘాతం తగిలితే బాధ ద్విగుణమవుతుంది. కుక్కరు కూసినా, టపాకాయ పేలినా దేహం వణుకుతుంది. నిద్ర చెడుతుంది; నిద్ర చెడితే ఉన్న కొద్దిపాటి ఏకాగ్రత సైతం సడలుతుంది. ముప్పు ఎటునుండి వస్తుందోనని చెవులు రిక్కించి కూర్చున్న పిల్లవాడు, చూచేవారికి పాఠం వినని అల్లరివాడుగా తోస్తాడు. పెద్దలు దండిస్తారు. అది వానికి మరొక ఆఘాతం.

గీత ఆరవ అధ్యాయంలో మనస్సు నిలువదని అర్జునుడు మొరపెట్టుకొనగా, శ్రీకృష్ణ పరమాత్మ ముందుగా అది నిజమేనని అంగీకరించాడు; అభ్యాసం మాట ఆ తరువాతనే చెప్పాడు. మన ఇండ్లలో ఈ క్రమం తారుమారవుతున్నది.

తాయెత్తు కట్టించుకోవడానికి వచ్చేవారిని నేను కాదనను. అయితే అందుకోసం వైద్యుని మందు మానరాదు. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు. 2022లో ఆరంభమైన టెలీ మానస్ వారికి 14416కు ఫోను చేస్తే, తెలుగులోను, హిందీలోను ఉచితంగా మాట్లాడతారు.

బెదిరిన బిడ్డను హారతి వేళ గంటల దగ్గరకు ఈడ్చుకురాకండి. మంటపం వెలుపలే కూర్చోనివ్వండి. తీర్థం అక్కడికే తెచ్చి ఇస్తాము.