నాగార్జునుడు ఎక్కడివాడు? ఆధారాలను తూచే పద్ధతి

బిలాస్‌పూర్ రైల్వే పట్టణాన్ని ఆనుకొని ఉన్న తిఫ్రాలో పెరిగిన తెలుగు విద్యార్థి కళాశాల పరిశోధనకు ఆచార్య నాగార్జునుని ఎంచుకొంటే, రెండు ప్రాంతాభిమానాలు ఎదురవుతాయి. ఛత్తీస్‌గఢ్‌లో ఆయనను సిర్పూరుతోనూ, తెలుగునాట నాగార్జునకొండతోనూ ముడిపెడతారు. ఏ పక్షానికైనా గ్రంథాలకు కొదవ లేదు. అయితే లెక్కించవలసినది గ్రంథాలను కాదు, వాటి వెనుక ఉన్న మూలసాక్ష్యాలను.

సిర్పూరు వాదపు మూలాన్ని వెదకితే అది ప్రధానంగా హ్యుయాన్‌త్సాంగ్ యాత్రావృత్తాంతం వద్ద ఆగుతుంది. క్రీ.శ. 646లో పూర్తయిన ఆ గ్రంథం నాగార్జునుని కోసలదేశంలో, శాతవాహన రాజు ఆదరణలో చూపుతుంది. ఆచార్యుని కాలం క్రీ.శ. 2-3 శతాబ్దాలని సాధారణంగా భావిస్తారు. అంటే నడుమ సుమారు నాలుగు వందల ఏండ్ల ఎడం ఉంది. పైగా యాత్రికుడు కోసల రాజధాని పేరు చెప్పలేదు. కన్నింగ్‌హామ్ 1871లో దానిని చాందాగా గుర్తించాడు. ఫెర్గూసన్ వైరాగఢ్ అన్నాడు. సిర్పూరు మరొక ప్రతిపాదన. 1950వ దశకంలో ఎం.జి. దీక్షిత్ తవ్వకాలలో అక్కడ బయల్పడిన ఆనందప్రభ విహారశాసనం మహాశివగుప్త బాలార్జునుని కాలానిది. అది ఆనాటి బౌద్ధానికి బలమైన సాక్ష్యం. శతాబ్దాల పూర్వపు ఆచార్యుని నివాసానికి కాదు.

నాగార్జునకొండకూ ఇదే కొలత వర్తించాలి. వోగెల్ 'ఎపిగ్రాఫియా ఇండికా' 20వ సంపుటంలో ప్రకటించిన ఇక్ష్వాకు శాసనాలలో విజయపురి, శ్రీపర్వతం, దాతలు, బౌద్ధ నికాయాలు కనిపిస్తాయి. మాధ్యమికాచార్యుని ప్రస్తావన లేదు. జగ్గయ్యపేట శాసనంలో నాగార్జునాచార్యుని పేరు ఉన్నది. కాని అది ఆయన ప్రశిష్యుడు చంద్రప్రభుడు బుద్ధప్రతిమను ప్రతిష్ఠించిన సందర్భం. లిపి చాలా తరువాతి కాలానిది. పేరు ఒకటైనంత మాత్రాన వ్యక్తి ఒక్కడే కానక్కరలేదు.

కనుక ప్రతి ఆధారాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. అది సంఘటనకు కాలంలో ఎంత దూరం? మూలపాఠాన్ని చదివినదెవరు? రెండు గ్రంథాలు వేర్వేరు సాక్ష్యాలా, ఒకే వాక్యానికి ప్రతిధ్వనులా? చైనా పాఠానికి బీల్ అనువాదాన్ని (1884) వాటర్స్ వ్యాఖ్యతో (1904-05) పోల్చి చూడాలి. దక్షిణ కోసల శాసనాలకు అజయ్ మిత్ర శాస్త్రి సంకలనం (1995) ఉపకరిస్తుంది. శోధ్‌గంగలోని సిద్ధాంతవ్యాసాలను వాటి ఉపయుక్త గ్రంథసూచి కోసం ముందుగా చూడవచ్చు; అవి మూలానికి ప్రత్యామ్నాయం కావు.

ఇంత వడపోత తరువాత హ్యుయాన్‌త్సాంగ్ కథనం త్రోసివేయదగినది కాదు. రెండవ శతాబ్దికి అది బలహీన సాక్ష్యం. ఏడవ శతాబ్దికి అమూల్యమైనది. కోసలంలో ఆనాడు నాగార్జునుని స్మృతి సజీవంగా ఉండేదని అది తెలుపుతుంది. ఆధారాన్ని సరైన ప్రశ్నకు జతపరచడమే దాని విలువ కట్టడం.