కరెంటు బ్రష్షు ఎవరికి అవసరం?

మా దంత విభాగానికి వచ్చేవారిలో కొందరు, "కరెంటు బ్రష్షు కొనమంటారా?" అని అడుగుతుంటారు. అందరికీ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పళ్ళ మీద రోజూ పేరుకునే మెత్తని పొరే పాచి. దాని నిండా సూక్ష్మక్రిములుంటాయి. తీసివేయకపోతే అది గట్టిపడి గార అవుతుంది, చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ళ జబ్బు ముదిరితే చక్కెర అదుపులో ఉండడం కూడా కష్టమవుతుంది.

1954లో స్విట్జర్లాండులో డాక్టర్ ఫిలిప్ గీ వూగ్ రూపొందించిన 'బ్రాక్సోడెంట్' తొలి కరెంటు బ్రష్షులలో ఒకటి. చేతులు సరిగా ఆడనివారికీ, పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవారికీ దానిని ఉద్దేశించారు.

దీని పిడిలో బ్యాటరీ, చిన్న మోటారు ఉంటాయి. ఒక రకంలో గుండ్రటి తల అటూ ఇటూ గిర్రున తిరుగుతుంది. 'సోనిక్' రకంలో కుచ్చు అతి వేగంగా కంపిస్తుంది. కొన్నింటిలో నిమిషానికి సుమారు 31,000 కదలికలు. చాలా రకాల్లో స్టాండులో ఒక తీగచుట్ట, పిడిలో మరొకటి ఉంటాయి. మొదటి చుట్టలోని కరెంటు పుట్టించే అయస్కాంత ప్రభావంతో రెండో చుట్టలో కరెంటు పుట్టి బ్యాటరీ ఛార్జి అవుతుంది. పిడిపైన లోహపు మొనలు అక్కరలేదు కాబట్టి లోపలికి నీరు చేరదు. అయినా స్టాండును, ప్లగ్గును తడి తగలకుండా ఉంచండి.

2014లో కాక్రేన్ సంస్థ 56 పరిశోధనలను సమీక్షించింది. మూడు నెలలు దాటాక, మామూలు బ్రష్షుతో పోలిస్తే దీనివల్ల పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం ఎక్కువగా తగ్గాయని తేలింది.

వాడే పద్ధతి:

* రుద్దకండి. ఒక్కో పంటి మీద, చిగురు అంచున కాసేపు ఆనించి ఉంచండి. గట్టిగా నొక్కకండి.
* నోటిని నాలుగు భాగాలనుకుని, ఒక్కో భాగానికి 30 సెకన్లు కేటాయించండి.
* తల ఎవరిది వారికే ఉండాలి. మూడు నెలలకొకసారి మార్చండి.
* పేస్‌మేకర్ ఉన్నవారు ముందుగా డాక్టరును అడగండి.

కీళ్ళవాతం, పక్షవాతం, చేతుల వణుకు ఉన్నవారికీ, వారికి పళ్ళు తోమే ఇంటివారికీ ఇది నిజంగా మేలు చేస్తుంది. మిగిలినవారు దీనికోసం అప్పు చేయనవసరం లేదు. మెత్తని మామూలు బ్రష్షు, ఫ్లోరైడు పేస్టుతో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు శ్రద్ధగా తోముకుంటే చాలు.

గారను మాత్రం ఏ బ్రష్షూ తీయలేదు. చిగుళ్ళ నుండి రక్తం వస్తోందని తోముకోవడం మానకండి; రెండు వారాలైనా తగ్గకపోతే దంతవైద్యునికి చూపించండి.