ముళ్లు తిప్పితేనే టైమ్ తెలిసేది

న్యూయార్క్ రాష్ట్రంలో 2025 సెప్టెంబర్ నుంచి బడి నడిచే వేళల్లో పిల్లలు ఫోన్లు వాడకుండా కట్టడి వచ్చింది. దాంతో అంతవరకూ ఎవరికీ పట్టని ఒక లోటు బయటపడింది. గోడ మీద గడియారం కనబడుతున్నా టైమెంతయిందని టీచర్లను అడిగే హైస్కూలు పిల్లలు ఉన్నారని అక్కడి వార్తాసంస్థలు రాశాయి. వాళ్లకు బడిలో ఆ పాఠం లేక కాదు. 2010లో వెలువడి చాలా రాష్ట్రాలు చేపట్టిన కామన్ కోర్ ప్రమాణాల ప్రకారం ఒకటో తరగతిలో గంట, అరగంట, రెండో తరగతిలో ఐదేసి నిమిషాల లెక్క, మూడో తరగతిలో నిమిషం దాకా చూడటం, ఒక పనికి ఎంతసేపు పట్టిందో కట్టడం రావాలి. పాఠం చెప్పారు, అది నిలవలేదు. తప్పంతా తెరదే అనుకోవడం సులువు. కానీ అదే తెర ఈ పాఠాన్ని బాగా నేర్పగలదు కూడా. అయితే గడియారాన్ని క్విజ్‌గా కాక, తిప్పి చూసుకునే యంత్రంగా పిల్లల చేతికివ్వాలి.

పెద్దలకు అలవాటైపోయి తెలియదు గానీ, గడియారం ముఖం మీద రెండు కొలతలు ఒకే అంకెలను పంచుకుంటాయి. 4 అనే అంకె చిన్న ముల్లుకు నాలుగు గంటలు, పెద్ద ముల్లుకు ఇరవై నిమిషాలు. అప్పుడప్పుడే పదులు, వందలు నేర్చుకుంటున్న పిల్లలకు ఇక్కడ అరవై దగ్గర లెక్క మళ్లీ మొదటికొస్తుంది. అన్నిటికన్నా చిక్కు చిన్న ముల్లుతోనే. అది గంటకోసారి ఒక అంకె మీంచి ఇంకో అంకె మీదికి దూకదు. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా మెల్లగా జరుగుతూ పోతుంది. అందుకే రెండు గంటల యాభై నిమిషాలప్పుడు అది మూడుకు ఆనుకున్నట్టే ఉంటుంది, పిల్లలు మూడూ యాభై అనేస్తారు. ఇది పరాకు కాదు, రెండు ముళ్లకూ ఉన్న సంబంధం అందకపోవడం.

ఆ సంబంధం కదలికలో తప్ప కనబడదు. వర్క్‌షీట్ మీది బొమ్మ కదలదు. గోడ గడియారం కదులుతుంది గానీ చిన్న ముల్లు నడక కంటికి ఆనదు. అట్టముక్కకు ముళ్లు గుచ్చి చేసిన గడియారంలో దేని దారి దానిదే. మూడున్నరకు చిన్న ముల్లును సరిగ్గా మూడు మీద పెట్టినా అది అడ్డుచెప్పదు. ఈ లోటు తీర్చడానికే లోపల పళ్లచక్రాలున్న జూడీ క్లాక్ అమెరికా తరగతి గదుల్లోకి వచ్చింది. డిజిటల్ పాఠం దానికి మరికొన్ని వీలులు చేర్చింది. యూటా స్టేట్ యూనివర్సిటీ 1999లో మొదలుపెట్టిన వర్చువల్ మానిప్యులేటివ్స్ (తెర మీద కదిపి చూసుకునే బోధనా పరికరాలు) సంకలనంలో ముళ్ల గడియారం, అంకెల గడియారం జతగా నడిచేవి. ఒరెగాన్‌లోని లాభాపేక్ష లేని సంస్థ మ్యాథ్ లెర్నింగ్ సెంటర్ ఉచితంగా ఇచ్చే మ్యాథ్ క్లాక్‌లో ముళ్లను కలిపి నడపవచ్చు, విడదీసి వదిలేయనూ వచ్చు. నా దృష్టిలో ఆ విడదీసే వీలే ఎక్కువ విలువైనది. ముందు కలిపి తిప్పించి, తర్వాత విడదీసి ‘రెండూ యాభై పెట్టు’ అంటే, ఎంత అర్థమైందో చిన్న ముల్లు నిలిచిన చోటే చెప్పేస్తుంది.

విద్య పేరుతో వచ్చే యాప్‌లన్నీ ఇలా ఉండవన్న అభ్యంతరం న్యాయమైనదే. టెంపుల్ యూనివర్సిటీకి చెందిన కాథీ హిర్ష్-పాసెక్, సహ పరిశోధకులు 2015లో మంచి యాప్‌కు నాలుగు గుణాలు చెప్పారు: పిల్లల బుర్రకు పని ఉండాలి, ధ్యాస చెదరగొట్టకూడదు, వాళ్ల జీవితానికి సంబంధించినదై ఉండాలి, మరొకరితో మాటా మంతీకి చోటివ్వాలి. 2021లో ఆ గీటురాయి మీదే పేరున్న పిల్లల యాప్‌లను చూస్తే చాలావాటికి తక్కువ మార్కులే పడ్డాయి. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమనే గడియారం ఆటలో ఏమీ రాకపోయినా నాలుగింట ఒకటి తగులుతుంది, వెంటనే గంట మోగి నక్షత్రం రాలుతుంది. తప్పు చేసినప్పుడు ఎర్రగుర్తు పెట్టి ఊరుకునే ఆట కన్నా, రెండు నుంచి మూడు దాకా ముళ్లను నడిపి చూపించే పాఠం మేలు.

ఫోన్లోనే అంకెలుంటే ముళ్లతో పనేమిటన్నది మరో ప్రశ్న. ఇప్పుడెంతయింది అనడానికి అంకెలు చాలు, ఇంకా ఎంతసేపుంది అనడానికి చాలవు. 8:47కు బయల్దేరితే 9:15కు ఎన్ని నిమిషాలని అడిగితే, 915లోంచి 847 తీసేసి 68 అనే ప్రమాదం ఉంది. గుండ్రటి ముఖం మీద తొమ్మిదికి పదమూడు, ఆపైన పదిహేను, మొత్తం ఇరవై ఎనిమిది అని కంటితోనే లెక్కపెట్టుకోవచ్చు. పావుగంట, అరగంట అక్కడ చక్రంలో ముక్కలుగా కనిపిస్తాయి. భిన్నాల పాఠానికి అదే పునాది.

ఇక తెర ముందు కూర్చునే సమయం మాట. రెండు నుంచి ఐదేళ్ల వారికి రోజుకు గంట మించకుండా మంచి కార్యక్రమాలే చూపించాలని, పెద్దలూ పక్కన కూర్చుని చూడాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో చెప్పింది. ఈ పాఠం ఆ వయసు దాటాక మొదలయ్యేదే అయినా పూటకు పది నిమిషాలు చాలు. అంతకు మించి తెర చేయగలిగిందీ లేదు. ఎక్కువ దూరం వెళ్లిన బొమ్మే ఎక్కువసేపు వెళ్లిందని చిన్నపిల్లలు అనుకుంటారని మనస్తత్వవేత్త పియాజే ఏనాడో గమనించాడు. పది నిమిషాలంటే ఎంతో అనుభవంలోంచి రావాలి. స్కూలు బస్సు వచ్చేలోగా మిగిలిన నిమిషాలు చూడమనడం అలాంటిదే. అమెరికాలోని తెలుగు ఇళ్లకు ఇంకో మంచి లెక్క ఉంది. న్యూజెర్సీలో ఉదయం ఎనిమిదైతే గుంటూరులో తాతయ్యకు చలికాలంలో సాయంత్రం ఆరున్నర, వేసవిలో ఐదున్నర. ఆ అరగంట తేడా వల్ల పెద్ద ముల్లు ఎదురుదిక్కుకు మారడం యాప్‌లో తిప్పి చూపించి, ఫోన్ చేయాల్సిన వేళను పిల్లల్నే చెప్పమనవచ్చు.

కాబట్టి బడులు, తల్లిదండ్రులు యాప్‌ను ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అది ఎన్ని బహుమతులిస్తుందని కాదు, ముళ్లు పిల్లల చేత తిప్పిస్తుందా, తప్పుకు కారణం చూపిస్తుందా అని. ఆపైన గోడ గడియారానికి రోజూ పని కల్పించాలి. మూడో తరగతిలో నేర్చుకున్నది ఎవరూ అడగకపోతే హైస్కూలుకు వచ్చేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.