కొత్త పలకకు ‘వైఫై’ అందకపోతే...

మార్కాపురం :

మార్కాపురం పేరు చెబితే పలక గుర్తుకు రాని తెలుగువారు అరుదు. ఇక్కడి గనుల్లో తీసిన రాతిపలకల మీద అక్షరాలు దిద్దిన తరాలు ఎన్నో. ఆ పలకకు కరెంటు అక్కరలేదు, నెట్టు అక్కరలేదు. తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్తది. ఇప్పుడు ఇదే ప్రాంతంలో పోటీపరీక్షలకు చదివే పిల్లల చేతుల్లో కిండిల్ వంటి ‘ఈ-రీడర్లు’ కనిపిస్తున్నాయి. ఫోనులా కళ్ళు లాగవు. ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. వేలు పోసి కొన్న ఈ పలకతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఇంట్లో వైఫై ఉన్నా దానికి మాత్రం అందదు. డబ్బు కట్టిన పుస్తకం రాదు, పరీక్ష తేదీ దగ్గర పడుతూనే ఉంటుంది. వస్తువు చెడిపోయిందని ఒంగోలు బస్సెక్కే ముందు ఇంట్లోనే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా దోషం పలకదా, పెట్టెదా తేల్చుకోవాలి. ఫోనులో మొబైల్ డేటా ఆపి, వైఫై మీద మాత్రమే ఏదైనా తెరిచి చూడండి. ఫోనుకూ రాకపోతే పలకను అనుమానించి లాభం లేదు. ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ అని రాసిన చోట ఎర్రదీపం వెలుగుతుంటే తీగలో వెలుతురు రావడం లేదని అర్థం. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. ఆనాడు నెలకు రూ.149 మొదలు కనెక్షన్ ఇస్తామన్నారు. ఆ తీగలు చాలావరకు కరెంటు స్తంభాల మీదుగా లాగినవే. గాలివానకు ఎక్కడ తెగినా ఇంట్లో దీపం ఎర్రబడుతుంది. అది కేబుల్ ఆపరేటరు పని, మీది కాదు.

ఫోనుకు వచ్చి పలకకు రాకపోతే అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఇప్పటి వైఫై పెట్టెలు చాలావరకు రెండు రకాల తరంగాలు వదులుతాయి. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 5 గిగాహెర్ట్జ్. ఫోను రెండింటినీ అందుకుంటుంది. పాత ఈ-రీడర్లకు 2.4 తప్ప మరొకటి తెలియదు. 2021లో వచ్చిన పేపర్‌వైట్ వంటి కొత్తవి రెండూ అందుకుంటాయి. పేరు చివర ‘5జి’ అని ఉన్న వైఫై పాత పలక జాబితాలో అసలు కనబడదు. ఉన్నదే కనబడలేదని యజమాని కంగారు. అదే పెట్టె వదిలే రెండో పేరును ఎంచుకుంటే సరిపోతుంది. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే, వేర్వేరు పేర్లు పెట్టమని ఆపరేటరును అడగాలి. పనిలో పనిగా ఛానల్‌ను 1, 6, 11లలో ఒకదానికి మార్చమనండి. 12, 13 మీద పెడితే కొన్ని పరికరాలకు అందదు. రక్షణ విధానం ‘డబ్ల్యుపిఎ 3’ ఒక్కటే పెట్టి ఉంటే పాత పలక దానితోనూ కలవలేదు. ‘డబ్ల్యుపిఎ 2’ ఉండాలి.

మరో సంగతి, మన ఇళ్ళు. రాతిగోడల ఇళ్ళు ఈ వైపు తక్కువేమీ కాదు. ఎండకు చల్లగా ఉంచే ఆ మందపు గోడే తరంగాలనూ మింగుతుంది. 5 గిగాహెర్ట్జ్ మరీ త్వరగా చచ్చిపోతుంది. పెట్టెను టీవీ వెనుకో, ఇనుప బీరువా పక్కనో పెట్టి, లోపలి గదిలో మంచం మీద చదువుకుంటామంటే కుదరదు. పెట్టెను నడుమ గదిలో ఎత్తున పెట్టించుకోవాలి. తీగ నాలుగు మూరలు ఎక్కువ పట్టినా నష్టం లేదు.

చిన్నవి కూడా ఉన్నాయి. పై మెనూలో విమానం గుర్తు వెలిగి ఉంటే ఆర్పాలి. పాస్‌వర్డులో సున్నాకూ, ఇంగ్లీషు ‘ఓ’కూ తేడా చూసుకోవాలి. పెట్టెను ఒక నిమిషం ఆపి, మళ్ళీ వేయాలి. కిండిల్ అయితే పవర్ మీటను 40 సెకన్లు అదిమి పట్టుకుంటే అదే ఆగి మొదలవుతుంది. ఇందులో పుస్తకాలు పోవు.

చాలామందికి తట్టనిది తేదీ. నెలల తరబడి బీరువాలో పడి ఛార్జింగ్ పూర్తిగా దిగిపోయిన పలకలో గడియారం తప్పిపోవచ్చు. భద్రత గల సైట్లన్నీ తేదీ సరిచూసుకునే తలుపు తీస్తాయి. తేదీ తప్పయితే వైఫై కలిసినట్టే కనిపించినా పుస్తకం మాత్రం దిగదు. సెట్టింగులలో సమయం సరిచేయాలి. 2012, అంతకు ముందు వచ్చిన కిండిళ్ళకు ఇంకో మెలిక ఉంది. 2016 మార్చి 22లోగా కొత్త సాఫ్ట్‌వేరు వేసుకోవాలని అమెజాన్ ఆనాడు గడువు పెట్టింది. వేసుకోనివి వైఫై ద్వారా కలవలేకపోయాయి, కంప్యూటరు తీగతో వేయవలసి వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వచ్చిందని కొనేవారు ఈ సంగతి అడిగి కొనాలి.

ఏదీ కలిసిరాకపోతే ఫోను హాట్‌స్పాట్‌ను 2.4లో పెట్టి చూడండి. దానితో పలక పనిచేస్తే లోపం ఇంటి పెట్టె అమరికలోదే. అంతవరకు చదువు ఆపుకోనక్కరలేదు. పీడీఎఫ్ పుస్తకాలను కంప్యూటరు నుంచి యూఎస్‌బీ తీగతో ఎక్కించుకోవచ్చు. పేజీ ఉన్నది ఉన్నట్టు వస్తుంది కనుక తెలుగు అక్షరాలూ విరగవు. అయితే కొన్న కిండిల్ పుస్తకాలను సైటు నుంచి కంప్యూటరులోకి దించుకుని తీగతో ఎక్కించే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26 నుంచి తీసివేసింది.

ఒక్కటి మాత్రం చేయరాదు. కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, ముందు కనిపించిన దానికి ఫోను చేయరాదు. అటువైపు మోసగాడు ఉండవచ్చు. పలక బాగుచేస్తామని ఫోనులో ఏదో యాప్ వేయించి, ఓటీపీ అడిగితే అది వైఫై బాగుచేయడానికి కాదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి.