ముందు చక్రపు షాఫ్టు ఊడిరాకపోతే

పాత మారుతీ 800 కారును కూరగాయల బండిగా వాడుకునే రైతులు మన విశాఖపట్నం చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వెనక సీటు మడిచి, ఆనపకాయలో, బెండకాయలో, తోటకూర కట్టలో సర్దుకుని, తెల్లవారకముందే ఆనందపురం వైపునుంచి బయలుదేరుతారు. మధురవాడ, హనుమంతవాక దాటి ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో సరుకు దించుతారు. 1999లో రైతుబజార్లు మొదలైనప్పటినుంచి ఇది కొందరికి నిత్యకృత్యమే. సరుకు దించిన పిమ్మట బండిలో ఏదైనా తేడా ఉంటే, ఇసుకతోట మీదుగా మద్దిలపాలెం వచ్చి మెకానిక్కుకు చూపించుకుంటారు.

అట్లాంటి బండ్లలో తరచు కనబడే జబ్బు ఒకటున్నది. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తుంది. తిన్నగా పోతున్నప్పుడు ఉండదు. చక్రం వెనక వంగి చూస్తే ముడతలు ముడతలుగా ఉన్న నల్లటి రబ్బరు తొడుగు చిరిగి, దానిలోని గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటుంది. ఆ తొడుగును బూటు అంటారు. బూటు చిరగగానే మార్చుకుంటే చిన్న ఖర్చుతో పోతుంది. నెలల తరబడి ఊరుకుంటే లోపలికి ఇసుకా, నీళ్ళూ పోయి జాయింటే అరిగిపోతుంది. చప్పుడు మొదలైందంటే అప్పటికే అరిగిందన్నమాట. ఇక షాఫ్టును ఊడదీయక తప్పదు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఇరవై యేళ్ళుగా ఎవరూ కదపని షాఫ్టు ఊడి రమ్మంటే రాదు.

ఇంతకూ ఈ షాఫ్టు పని ఏమిటి? మన ఎద్దుబండి ఇరుసు తిరగదు, దాని మీద చక్రం తిరుగుతుంది. కారు షాఫ్టు అట్లా కాదు. తాను తిరిగి చక్రాన్ని తిప్పుతుంది. మారుతీ 800లో ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. ముందు చక్రం తిరగడమే కాక, దారిని బట్టి కుడికీ ఎడమకూ మళ్ళాలి, గుంతల్లో కిందకూ మీదకూ ఊగాలి. ఇన్ని ఊపుల మధ్య వేగం తగ్గకుండా, పెరగకుండా తిప్పాలంటే షాఫ్టు చివర ఉక్కుగుండ్ల జాయింటు ఒకటి కావాలి. ఫోర్డు కంపెనీ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించిన జాయింటు అది. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు దాన్ని వాడుకున్న తరువాత చిన్న కార్లన్నీ ఇంచుమించు ఆ దారే పట్టాయి. మన మారుతీ 800 కూడా, 1983లో మొదటి కారు మొదలు 2014లో తయారీ ఆగేదాకా, ముందు చక్రాల బండే.

ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. మారుతీ వ్యాను, అంబాసిడరు వెనక చక్రాల బండ్లు. వాటిలో బండి కింద పొడుగునా పోయే షాఫ్టు వేరు, దాన్ని ఊడదీసే పద్ధతి వేరు. ఈ వ్యాసం వాటికి చెల్లదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. షాఫ్టును రెండు చివర్లా రెండు వేర్వేరు పట్లు పట్టి ఉంచుతాయి. బయటి చివర చక్రపు హబ్బులో ఉంటుంది. షాఫ్టు మీద నిలువునా గాళ్ళు, పళ్ళు ఉంటాయి. హబ్బు లోపలా అట్లాంటివే ఉంటాయి. ఒకదానిలో ఒకటి దూరి, పైన పెద్ద నట్టుతో బిగుస్తాయి. లోపలి చివర గేరుబాక్సులో ఉంటుంది. అక్కడ నట్టు లేదు. షాఫ్టు కొన మీది గాడిలో స్ప్రింగు తీగలాంటి చిన్న రింగు ఉంటుంది, దాన్ని సర్‌క్లిప్పు అంటారు. షాఫ్టును లోపలికి నెట్టినప్పుడు ఆ రింగు ముడుచుకుని, అవతలకు పోగానే విచ్చుకుని, వెనక్కు రాకుండా అడ్డుపడుతుంది. అంటే బయట పట్టుకునేది తుప్పు, లోపల పట్టుకునేది రింగు. తుప్పుకు నానబెట్టి లాగడం ఉపాయం. రింగుకు ఒక్క ఉదుటు చాలు. ఈ తేడా తెలియక రెండు చోట్లా ఒకే సుత్తి వాడేవారే బండిని పాడుచేసుకుంటారు.

మన వైపు బండ్లలో తుప్పు బాధ ఎక్కువెందుకంటే, ఒక కారణం సముద్రం. మద్దిలపాలెంలో నిలబడితే సముద్రం కనబడదు గాని, దాని గాలి రోజూ వస్తూనే ఉంటుంది. ఆ గాలిలోని ఉప్పు చెమ్మను పట్టి ఉంచుతుంది, ఇనుమును తొందరగా తినేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన నాడు ఈ పట్నం మీద విసిరికొట్టింది ఆ ఉప్పు గాలీ, ఆ వానే. రెండో కారణం రైతులు అంతగా పట్టించుకోనిది. అది ఎరువు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అనే ఎర్రటి పొటాష్ ఎరువు కూడా ఒక రకం ఉప్పే. బస్తా చిరిగి కారులో ఒలికి, కడిగినప్పుడు ఆ నీళ్ళు కిందకు జారితే సముద్రపు నీరు చేసే పనే చేస్తాయి. ఇనుము తుప్పయితే రెండింతలకు పైగా ఉబ్బుతుంది. హబ్బు పళ్ళ నడుమ ఉబ్బడానికి చోటెక్కడ? అందుకని మేకులు దిగ్గొట్టినట్టు షాఫ్టును బిగించేస్తుంది.

“సమ్మెటతో నాలుగు వేస్తే రాదా?” అని మీరు అడగవచ్చు. రావచ్చు. కాని దెబ్బ తగిలే చోటు చూడండి. షాఫ్టు కొన మీద మరలు ఉన్నాయి. సమ్మెట దెబ్బకు ఆ కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆపైన అది హబ్బు రంధ్రంలోంచి అసలే దూరదు, కొత్త నట్టు కూడా ఎక్కదు. ఆ దెబ్బ అంతటితో ఆగదు. జాయింటులోని గుండ్ల మీదికీ, హబ్బు చుట్టూ ఉన్న బేరింగు మీదికీ పోతుంది. బూటు ఒక్కటే మారుద్దామని మొదలుపెట్టినవాడు చివరకు షాఫ్టూ, బేరింగూ కూడా కొనుక్కోవలసి వస్తుంది. ఈ బండ్ల తయారీ ఆగి చాలా ఏళ్ళయింది గనుక, మంచి షాఫ్టును చేజేతులా పాడుచేసుకోకుండా ఉండడం మంచిది.

పని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టాలి. చక్రం మధ్య మూత తీసి, తీగల బ్రష్షుతో నట్టు చుట్టూ తుప్పు రాల్చి, తుప్పు వదిలించే ఆయిలు పొయ్యండి. అది దొరకకపోతే కిరసనాయిలులో కొంచెం ఇంజను ఆయిలు కలిపి వాడవచ్చు, కాకపోతే నెమ్మదిగా పనిచేస్తుంది. రాత్రికి రెండు మూడు సార్లు పోస్తే పళ్ళ సందుల్లోకి ఇంకుతుంది. బ్రేకు మీద పడితే శుభ్రంగా తుడిచెయ్యాలి.

పొద్దున బండి నేల మీద ఉండగానే నట్టు వదులు చెయ్యాలి, జాకీ మీద కాదు. నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటే ముందు దాన్ని లాగెయ్యాలి. కొన్నింటిలో పిన్ను ఉండదు, నట్టు అంచునే షాఫ్టు గాడిలోకి నొక్కి ఉంచుతారు. ఆ నొక్కును ఉలితో జాగ్రత్తగా పైకి లేపాలి. మారుతీ 800 చేతిబ్రేకు వెనక చక్రాలనే పట్టుకుంటుంది, ముందు చక్రాన్ని ఆపలేదు. అందుచేత గేరులో ఉంచి, ఒకరు లోపల కూర్చుని కాలిబ్రేకు తొక్కి పట్టాలి. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. పానాకు పొడుగాటి పైపు తొడిగి, జారిపోకుండా సరిగ్గా కూర్చోబెట్టి, ఒంటి బరువుతో నెమ్మదిగా నొక్కాలి. ఎగిరి తన్నితే పానా జారి మోకాలు పగులుతుంది.

తరువాత జాకీ ఎత్తి, బండి కింద ఇనుప స్టాండు పెట్టి, చక్రం విప్పాలి. ఇటుకలు పేర్చి వాటి మీద బండి ఆనించే అలవాటు పల్లెల్లో ఉన్నది. ఇటుక చెప్పకుండా పగులుతుంది. జాకీ ఒక్కదాని మీద నమ్మకముంచి కింద దూరవద్దు, తల పెట్టే మాట అసలే వద్దు. స్టాండ్లు లేకపోతే ఆ రోజుకు పని మానెయ్యండి.

హబ్బు దగ్గర కావలసిన పనిముట్టు పుల్లరు. సొంతంగా కొననక్కర లేదు, షెడ్డులో అడిగి తెచ్చుకోవచ్చు. దాని కాళ్ళను చక్రం బోల్టులకు బిగిస్తే, నడిమి మర షాఫ్టు కొన మీది గుంటలో ఆనుతుంది. పెద్ద నట్టును పూర్తిగా తీసెయ్యకుండా, షాఫ్టు కొనకు సమానంగా ఉంచండి. మరలకు కాపుగా ఉంటుంది, షాఫ్టు హఠాత్తుగా వదిలినప్పుడు విసురుగా పోకుండా పట్టుకుంటుంది. పుల్లరు మర గట్టిగా బిగించి, దాని తల మీద సుత్తితో ఒక్క దెబ్బ వెయ్యండి. అది షాఫ్టు మీది దెబ్బ కాదు, బిగువులో ఉన్న తుప్పును కదిలించే దెబ్బ. రాకపోతే అరగంట వదిలి, మళ్ళీ ఆయిలు పోసి, మరొక పావు చుట్టు బిగించండి. ఒక్కోసారి మీరు టీ తాగుతూ ఉండగా దానంతట అదే టప్పుమని వదులుతుంది.

అప్పటికీ రాకపోతే కాచే ఉపాయం ఉన్నది. బండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు కమ్మరి ఏం చేస్తాడు? పట్టాను కాల్చి సాగదీసి, చెక్క చక్రం మీద దించి, నీళ్ళు పోసి బిగిస్తాడు. ఇక్కడా ఆ సూత్రమే. అయితే కాచవలసింది బయట ఉన్న హబ్బును, లోపలి షాఫ్టును కాదు. ఆ సాగుడు ఎంతంటారా? ఇరవై అయిదు మిల్లీమీటర్ల రంధ్రం నూరు డిగ్రీల వేడికి మిల్లీమీటరులో నూరో వంతులు మూడు పెరుగుతుంది. కంటికి కనబడదు గాని, తుప్పు పట్టు వదలడానికి ఒక్కోసారి అంత చాలు. కాని ఆ వేడికి బేరింగులోని గ్రీజు కరిగిపోతుంది, రబ్బరు సీళ్ళు మాడిపోతాయి. అందుకని బేరింగు ఎటూ మార్చాలనుకున్నప్పుడే మంట పెట్టాలి. ఆయిలూ, కిరసనాయిలూ పోసి నానబెట్టిన చోట, పెట్రోలు గొట్టాలు పోయే బండిలో ఈ పని రైతు ఇంటి దగ్గర చెయ్యకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అన్నిటికన్నా నమ్మకమైన ఆఖరి దారి మరొకటున్నది. హబ్బు, దాన్ని పట్టి ఉంచే చేయి, షాఫ్టు మూడింటినీ ఒకే ముక్కగా బండి నుంచి దించి, హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న వర్కుషాపుకు తీసుకుపోవడం. ప్రెస్సు తిన్నగా, సమంగా తోస్తుంది. సమ్మెటకు రాని షాఫ్టు దానికి వస్తుంది.

హబ్బులో షాఫ్టు వదులైన తరువాత చక్రపు భాగాన్ని బయటకు వాల్చాలి. దానికి స్టీరింగు కడ్డీ కొనా, కింది ఆర్ము బాల్ జాయింటూ విప్పాలి. బాల్ జాయింటును బిగించే బోల్టు పూర్తిగా బయటికి రావాలి, వదులు చేస్తే చాలదు. చాలా బండ్లలో ఆ బోల్టు కాడ జాయింటు గాడిలో కూర్చుని ఉంటుంది. వాల్చేటప్పుడు బ్రేకు రబ్బరు గొట్టం సాగకుండా చూడాలి, బరువు దాని మీద వేలాడనివ్వకూడదు.

ఇక గేరుబాక్సు చివర. ముందు గేరు ఆయిలు ఒక డబ్బాలోకి దింపండి, లేకపోతే షాఫ్టు వచ్చిన క్షణాన అది మీ చొక్కా మీదే దిగుతుంది. ఇక్కడ చాలామంది షాఫ్టు కడ్డీని పట్టుకుని లాగుతారు. లాగితే రింగు వదలదు, లోపలి జాయింటు బూటులోనే విడిపోతుంది. బలం కడ్డీ మీద కాదు, గేరుబాక్సును ఆనుకుని ఉన్న జాయింటు గిన్నె మీద పడాలి. గిన్నెకూ గేరుబాక్సుకూ నడుమ టైరు లివర్లు రెండు, ఎదురెదురుగా పెట్టి, ఒక్కసారిగా ఉదుటుగా ఎత్తాలి. నెమ్మదిగా నొక్కితే రింగు ముడుచుకోదు. గేరుబాక్సు తొడుగు అల్యూమినియంది, మెత్తన. లివరు కింద పలచని చెక్కముక్క పెట్టాలి. గునపం వాడవద్దు. ఆయిల్ సీలు అంచుకు లివరు తగలకూడదు. రెండు మూడు ప్రయత్నాలకు రాకపోతే షాఫ్టును పావు చుట్టు తిప్పి మళ్ళీ చూడండి, రింగు కూర్చున్న తీరు మారి ఇట్టే వచ్చేస్తుంది. రెండు వైపుల షాఫ్టులూ ఒకేసారి ఊడదీయకండి. కొన్ని రకాల గేరుబాక్సుల్లో లోపలి పళ్ళచక్రాలు పక్కకు జరిగి మరో చిక్కు తెస్తాయి. షాఫ్టు లేకుండా బండిని చక్రాల మీద తోయడం కూడా మంచిది కాదు, బేరింగును బిగించి ఉంచేది ఆ షాఫ్టు, నట్టులే గనుక.

మళ్ళీ బిగించేటప్పుడు హబ్బు పళ్ళూ, షాఫ్టు పళ్ళూ తుప్పు లేకుండా తుడిచి, పలచగా గ్రీజు రాయండి. ఎద్దుబండి ఇరుసుకు కందెన రాసే రైతుకు ఇది కొత్త కాదు. మరొకసారి విప్పవలసి వస్తే పుల్లరు అవసరం ఉండకపోవచ్చు. లోపలి కొనకు కొత్త రింగు, బయట కొత్త నట్టు, పిన్ను ఉంటే కొత్త పిన్ను వెయ్యాలి. పాతవి మళ్ళీ వాడి మిగుల్చుకునేది చాలా తక్కువ. షాఫ్టు లోపలికి నెట్టినప్పుడు రింగు టక్కున పడినట్టు చేతికి తెలియాలి, ఆ తరువాత గిన్నెను పట్టి కొంచెం వెనక్కు లాగితే రాకూడదు. పెద్ద నట్టును బండి నేల మీదికి దించిన తరువాత, బిగువు కొలిచే పానాతో, ఆ బండికి చెప్పిన కొలత ప్రకారం బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు. తక్కువైతే బేరింగు ఊగుతుంది, ఎక్కువైతే వేడెక్కుతుంది.

గేరు ఆయిలు పోసి, మట్టం చూసి, సీలు దగ్గర కారుతున్నదేమో ఒక కాగితం పరిచి పది నిమిషాలు చూడండి. తరువాత ఖాళీ బండితో విశాలమైన చోట కుడికి ఒక చుట్టు, ఎడమకు ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి చెవి పెట్టి వినండి. చప్పుడు లేకపోతే మర్నాటి కూరలు ఎత్తుకోవచ్చు.